ఇంటికొచ్చాకే అసలు కాపలా

గర్భసంచి గడ్డలకు చిన్న కోతతో చేసే చికిత్సలు కోనసీమ ఆడవాళ్ళకు పెద్ద ఊరట. ఎప్పుడో ఒకరికి ఎదురయ్యే ప్రమాదం మాత్రం ఆసుపత్రి దాటాక, ఇంట్లో మంచం మీద మొదలవుతుంది.

సోమవారం కాకినాడలో ఆపరేషన్. బుధవారం మధ్యాహ్నం యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి అమలాపురం, అక్కణ్ణుంచి బోడసకుర్రు వంతెన మీదుగా రాజోలు పక్క సొంతూరు. పొట్ట మీద మూడో నాలుగో చిన్న పట్టీలు, అంతే. చూడ్డానికొచ్చిన పిన్నిగారు "ఇంతేనా అమ్మా! మా రోజుల్లో అడ్డంగా కోసి పది రోజులు కదలనిచ్చేవారు కాదు" అని ఆశ్చర్యపోతారు. గురువారం ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళుతుంది. శుక్రవారం పొట్ట బిగుసుకున్నట్టుంటుంది. గ్యాస్ అనుకుంటారు. వీధి చివర ఆర్‌ఎంపీ గారు వచ్చి ఒక ఇంజెక్షన్ చేసి వెళతారు. శనివారం రాత్రికి చలిజ్వరం, వాంతులు. ఆదివారం ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి "రేపు ఓపీకి తీసుకురండి" అంటారు.

ఎవరో ఒకరి పేరు పెట్టి చెప్పే కథ కాదిది. ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్నవారిలో నూటికి ఎంతోమందికి శుక్రవారం నాటి బిగువు శనివారానికి సర్దుకుంటుంది. సర్దుకోని ఆ ఒక్కరి కోసమే ఈ కథనం. అరుదైన ప్రమాదం అరుదుగానే వస్తుంది. కానీ దానివల్ల ప్రాణం మీదికి వచ్చిందా, వారంలో తేలిపోయిందా అన్నది చాలాసార్లు దాన్ని ఎన్ని గంటల్లో గుర్తుపట్టారన్న దాని మీదే ఉంటుంది. మూడు నదీపాయల మధ్య ఉన్న మన సీమలో ఆ గంటలు ఇట్టే జారిపోతాయి.

గడ్డలు ఎందరికి, చికిత్స ఎందరికి

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోనే పుట్టే గడ్డ. దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్ హార్మోన్లు ఉన్నంతకాలం పెరుగుతుంది, ముట్లుడిగాక చాలామందిలో కుంచించుకుపోతుంది. అమెరికాలో 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం యాభై ఏళ్ళు వచ్చేసరికి నల్లజాతి స్త్రీలలో 80 శాతానికి పైగా, తెల్లజాతి స్త్రీలలో 70 శాతం దాకా ఈ గడ్డలు ఏర్పడతాయి. వాళ్ళలో సగానికి సగం మందికి ఆ సంగతే తెలియదు. కాబట్టి స్కానింగ్‌లో గడ్డ కనబడగానే బెంబేలెత్తిపోనక్కర్లేదు.

గడ్డ ఎంత పెద్దదన్నదానికన్నా ఎక్కడ కూర్చుందన్నది ముఖ్యం. లోపొర కింద పుట్టి గర్భసంచి లోపలికి తోసుకొచ్చిన గడ్డ 2 సెంటీమీటర్లున్నా నెలనెలా ముద్దలు ముద్దలుగా రక్తం పోయేలా చేస్తుంది. బయటి గోడకు అంటుకున్నది 6 సెంటీమీటర్లున్నా ఏ బాధా పెట్టకపోవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అసలే రక్తం చాలని ఒంటికి నెలకు ఎనిమిది రోజుల అధిక రక్తస్రావం తోడైతే ఆ మనిషి మెట్లెక్కలేదు, ఆయాసపడుతుంది, పనికి పోలేదు. అలాంటి గడ్డకు చికిత్స తప్పదు.

ఇంతవరకూ మనకు తెలిసిన చికిత్స ఒక్కటే: సంచి తీసేయడం. "పిల్లలు పుట్టేశారు, ఆపరేషన్ కూడా అయిపోయింది, ఇంకా ఆ సంచితో పనేముంది" అనే మాట ఈ జిల్లాలో వినని ఆడమనిషి ఉండదు. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3.2 శాతమైతే మన రాష్ట్రంలో 8.9 శాతం. దేశంలోనే మొదటి స్థానం. తెలంగాణది 7.7. నలభై తొమ్మిది దాటినవారిని ఈ లెక్కలో కలపలేదని గుర్తుంచుకోవాలి. నలభై రాకుండానే సంచి తీయించుకుని, ఆ తర్వాత ఒళ్ళు ఆవిర్లు, నడుం నొప్పులు, ఎముకల బలహీనతతో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు.

అందుకే ముందే ఒక మాట చెప్పాలి. ఇక్కడ రాయబోయే ప్రమాదాలు చదివి "అయితే ఈ కొత్త పద్ధతులొద్దు, సంచి తీసేయించుకుంటే గొడవ వదిలిపోతుంది" అనుకుంటే అంతకన్నా నష్టం లేదు. సంచి తీసే ఆపరేషన్‌కూ ఇవే ప్రమాదాలున్నాయి, పైన మరికొన్ని ఉన్నాయి. చిన్న కోత చికిత్సలు వచ్చినందువల్లే ఎందరో ఆడవాళ్ళు సంచి నిలబెట్టుకోగలుగుతున్నారు. తెలిసి చేయించుకోవాలి, చేయించుకున్నాక కనిపెట్టుకుని ఉండాలి.

నెత్తురు అందకుండా చేస్తే

కోత అసలే లేని పద్ధతి ఒకటుంది. పేరు ఎంబోలైజేషన్. పారిస్‌లో జాక్ రావినా అనే గైనకాలజిస్టు బృందం ఆపరేషన్‌లో రక్తం తక్కువ పోతుందని ముందుగా గర్భసంచి రక్తనాళాలు మూసేది. అలా మూయించుకున్నవాళ్ళలో చాలామందికి ఆపరేషన్ రోజు రాకముందే బాధలు తగ్గిపోయాయి, ఇక ఆపరేషన్ అక్కర్లేకపోయింది. పదహారుమంది అనుభవాన్ని వాళ్ళు 1995లో లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రపంచమంతటా ఈ చికిత్స పాకింది అక్కణ్ణుంచే.

తొడ మొదట్లోనో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపుతారు. తెర మీద ఎక్స్‌రే చూసుకుంటూ దాన్ని గర్భసంచికి వెళ్ళే నాళం దాకా నడిపిస్తారు. రంగుమందు ఎక్కించగానే గడ్డ చుట్టూ అల్లుకున్న నాళాలన్నీ తెర మీద నల్లగా తేలతాయి. అప్పుడు అర మిల్లీమీటరు, అంతకు కొంచెం పైన ఉండే సన్నటి గింజల్ని నాళంలోకి వదులుతారు. చేనికి నీళ్ళొచ్చే బోదెకు అడ్డం కట్టినట్టు గడ్డకు నెత్తురు ఆగిపోతుంది. ఎడమవైపు, ఆ తర్వాత కుడివైపు. రోగి మెలకువగానే ఉంటుంది. చేసేది గైనకాలజిస్టు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. అలాంటి నిపుణులూ ఆ యంత్రాలూ ఉన్న పెద్ద ఊళ్ళకు మనవాళ్ళు వెళ్ళాల్సిందే.

నెత్తురు అందని గడ్డ లోపల చచ్చిపోతుంది. కాబట్టి మొదటి రోజు గట్టిగానే నొప్పి వస్తుంది. వారం దాకా కొద్దిపాటి జ్వరం, వికారం, నీరసం ఉంటాయి. ఇది మామూలు, ముందే చెబుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. "జ్వరం వస్తుందన్నారుగా" అని ఇంట్లోవాళ్ళు రెండో వారం జ్వరాన్ని కూడా ఆ లెక్కలోనే వేసేస్తారు. చచ్చిన గడ్డలో చీము పడితే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది, పైపెచ్చు హెచ్చుతుంది. తెల్లబట్ట కుళ్ళు వాసన వేస్తుంది. పొత్తికడుపు ముట్టుకోనివ్వదు. ఇది వారం తర్వాత రావచ్చు, నెల తర్వాతా రావచ్చు. ఇలా మొదలైన ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ఒక స్త్రీ చనిపోయిన సంగతిని 1999లో బ్రిటన్ వైద్యులు అదే లాన్సెట్‌లో దాచకుండా రాశారు. 

ఇంకొకటి వినడానికి భయంగా ఉంటుంది కానీ తెలిసి ఉంటే అంత భయం లేదు. లోపొర కింది గడ్డ చచ్చాక ఊడి, కాన్పు నొప్పుల్లాంటి నొప్పులతో కిందినుంచి బయటికి వచ్చేస్తుంది. కొందరికి మొత్తంగా పడిపోయి హాయి కలుగుతుంది. కొందరికి సగం వచ్చి గర్భసంచి మూతి దగ్గర ఇరుక్కుంటుంది. దాన్ని ఇంట్లో లాగకూడదు, ఎవరిచేతా లాగించకూడదు. ఆసుపత్రికి వెళితే తేలిగ్గా తీస్తారు.

గింజలు దారితప్పి అండాశయాల వైపు వెళితే ముట్లు ఆగిపోవచ్చు. 45 దాటినవారిలో ఇది కొంత ఎక్కువ, చిన్న వయసులో తక్కువ. మూత్రాశయం వైపో పిరుదు కండ వైపో వెళ్ళి అక్కడి కండను చంపిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఈ చికిత్సకు ఒప్పుకునే ముందు గైనకాలజిస్టుతో విడిగా, తీరిగ్గా మాట్లాడాలి.

బ్రిటన్‌లో 157 మంది స్త్రీల మీద జరిపి 2007లో ప్రచురించిన రెస్ట్ అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి ఎంబోలైజేషన్ చేయించుకున్నవాళ్ళూ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళూ సమానంగా కోలుకున్నారు. కానీ అయిదేళ్ళు గడిచేసరికి ఎంబోలైజేషన్ వాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి మళ్ళీ ఏదో ఒక చికిత్స అవసరమైంది. ఆపరేషన్ వాళ్ళలో అది నూటికి నలుగురికే. ఆ సంగతి కూడా ముందే తెలియాలి.

మూడో రోజు నుంచి పెరిగే నొప్పి

మన ప్రాంతంలో ఎక్కువగా జరిగేది లాపరోస్కోపీ. ఊళ్ళో దీన్నే లేజర్ ఆపరేషన్ అనేస్తారు. బొడ్డు దగ్గర సూదితో పొట్టలోకి గ్యాస్ నింపి, కెమెరా పంపి, మరో రెండు మూడు రంధ్రాల్లోంచి పనిముట్లు పెట్టి గడ్డ తీస్తారు, లేదా సంచే తీస్తారు. నెత్తురు ఆపడానికి కరెంటుతో వేడెక్కే పనిముట్లు వాడతారు.

పేగుకు దెబ్బ తగిలే అవకాశం రెండు చోట్ల ఉంది. మొదటి సూది గుడ్డిగా వెళ్ళేటప్పుడు ఒకటి. పాత సిజేరియన్ వల్ల పేగులు లోపలి గోడకు అతుక్కుని ఉంటే ఆ ప్రమాదం ఎక్కువ, అందుకే పాత ఆపరేషన్ల సంగతి సర్జన్‌కు దాచకూడదు. రెండోది వేడి పనిముట్టు పేగుకు ఆనినప్పుడు. ఈ రెండోది మోసకారి. పేగుకు అప్పటికప్పుడు చిల్లు పడదు. కాలిన చోట కండ నెమ్మదిగా చచ్చి మూడో రోజుకో, అయిదో రోజుకో, వారం దాటాకో ఊడుతుంది. అప్పటికి మనిషి ఇంట్లో ఉంటుంది. ఆపరేషన్ బాగా జరిగిందని సర్జన్ చెప్పిన మాట నిజమే, ఆ రోజుకు.

అమెరికా వైద్యులు 2015లో పాత పరిశోధనలన్నీ కూర్చి నాలుగున్నర లక్షలకు పైబడిన స్త్రీల లాపరోస్కోపీలను లెక్క తీశారు. పేగు గాయం దాదాపు 770 ఆపరేషన్లకు ఒకటి. నిజంగానే అరుదు. కానీ ఆ గాయాల్లో నూటికి నలభై ఒకటి ఆపరేషన్ బల్ల మీద కనబడలేదు, తర్వాతే బయటపడ్డాయి. పేగు గాయంతో జరిగిన మరణాలన్నీ ఇలా ఆలస్యంగా తెలిసినవాళ్ళలోనే. వాళ్ళలో దాదాపు ముప్పై ఒకరికి ఒకరు చనిపోయారు. అక్కడికక్కడే చూసి కుట్టినవాళ్ళు బతికారు. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో దీన్ని మించి తెలుసుకోవాల్సిన లెక్క మరొకటి లేదు.

మరి ఇంట్లోవాళ్ళు ఏం చూడాలి? లాపరోస్కోపీ అయిన మనిషి ఇవాళ్టికన్నా రేపు, రేపటికన్నా ఎల్లుండి తేలిగ్గా ఉండాలి. గ్యాస్ వల్ల భుజం నొప్పి రెండు రోజులుంటుంది, పోతుంది. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గకపోగా పెరిగితే, పొట్ట ఉబ్బితే, అన్నం చూస్తే వాంతి వస్తే, నాడి వేగంగా కొట్టుకుంటే ఇక ఆలోచించకూడదు. పొట్ట రాయిలా గట్టిపడితేనే ప్రమాదమని పెద్దవాళ్ళు అంటారు. లాపరోస్కోపీ తర్వాత పేగు చిల్లు పడితే అలా గట్టిపడకపోవచ్చు. ఒక్క రంధ్రం దగ్గరే నొప్పి, కొంచెం ఉబ్బరం, ఒక్కోసారి విరేచనాలు. అంతే కనబడుతుంది. చూసినవాళ్ళు "వేడి చేసింది, మజ్జిగ పట్టండి" అంటారు.

ఆర్‌ఎంపీల గురించి కూడా చెప్పాలి. లంక గ్రామాల్లో రాత్రి పదింటికి పిలిస్తే వచ్చేది వాళ్ళే. వాళ్ళమీద నాకు చిన్నచూపు లేదు. కానీ ఆపరేషన్ అయిన పదిహేను రోజుల్లోపు మనిషికి జ్వరమని పిలిస్తే ఇంజెక్షన్ చేయకుండా బండి ఎక్కించడమే వాళ్ళు చేయగల గొప్ప వైద్యం. నొప్పి మందు నొప్పిని కప్పేస్తుంది, యాంటీబయాటిక్ జ్వరాన్ని ఒక రోజు దాచేస్తుంది. ఆ ఒక్క రోజే కొంప ముంచుతుంది.

మూత్రనాళం సంగతి ఇంకాస్త సున్నితం. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే ఆ సన్నని గొట్టం గర్భసంచి మూతికి రెండు సెంటీమీటర్ల లోపు దూరంలో, గర్భసంచి రక్తనాళం కిందుగా పోతుంది. సంచి తీసేటప్పుడు కుట్టులో పడినా, వేడి తగిలినా కొన్ని రోజులకు నడుం పక్క నొప్పి, జ్వరం మొదలవుతాయి. లేదా యోని దారిన నీళ్ళలా ధార కారుతూనే ఉంటుంది. తెల్లబట్టేమో అనుకుని గుడ్డలు మార్చుకుంటూ నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా కుమిలిపోయే ఆడవాళ్ళుంటారు. కోడలు అత్తగారికి చెప్పలేదు, అత్తగారు కొడుకుకు చెప్పలేదు. అది మూత్రమో కాదో తేల్చడానికి చిన్న పరీక్ష చాలు. నూటికి ఒకరికో అంతకన్నా తక్కువమందికో వచ్చే ఈ సమస్యను సరిచేయవచ్చు.

ఒక డాక్టరమ్మ పోరాటం

చిన్న రంధ్రంలోంచి పెద్ద గడ్డ ఎలా వస్తుంది? లోపలే ముక్కలు చేసి లాగుతారు. ఆ పనికి తిరిగే కత్తి ఉన్న మోర్సెల్లేటర్ అనే యంత్రం వాడేవారు. 2013 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో మత్తు డాక్టరుగా పనిచేసే నలభై ఏళ్ళ ఏమీ రీడ్‌కు ఫైబ్రాయిడ్లని ఇలాగే ఆపరేషన్ చేశారు. ఆరుగురు పిల్లల తల్లి. ముక్కల్ని ల్యాబ్‌లో చూశాక తేలింది, వాటిలో లియోమయోసార్కోమా అనే క్యాన్సర్ ఉందని. తిరిగే కత్తి ఆ కణాల్ని పొట్టంతా చిమ్మేసింది. ఆమె, గుండె సర్జన్ అయిన ఆమె భర్త కలిసి ఈ యంత్రం ఆపాలని పోరాడారు. 2014 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది: ఫైబ్రాయిడ్లని ఆపరేషన్ చేయించుకునేవారిలో 350 మందిలో ఒకరికి బయటపడని సార్కోమా ఉండవచ్చు. ఆ జూలైలో జాన్సన్ అండ్ జాన్సన్ తన యంత్రాల్ని ప్రపంచ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఏమీ రీడ్ 2017 మేలో కన్నుమూశారు.

ఆ 350 అంకె మీద వైద్యుల్లో వాదన ఇంకా ఉంది. అంతకన్నా చాలా తక్కువని చెప్పే లెక్కలూ వచ్చాయి. ఎవరి లెక్క నిజమైనా, గడ్డను పొట్టలోనే ఒక సంచీలో పెట్టి, ఆ సంచీ లోపలే ముక్కలు చేయాలన్నది ఇప్పుడు స్థిరపడ్డ పద్ధతి. 2020లో ఎఫ్‌డీఏ కూడా అదే చెప్పింది. క్యాన్సర్ లేకపోయినా జారిపోయిన ముక్క పేగుకో పొట్టలోని కొవ్వుకో అతుక్కుని కొన్నేళ్ళకు కొత్త గడ్డగా పెరిగిన సందర్భాలున్నాయి. "గడ్డను సంచీలో పెట్టే ముక్కలు చేస్తారా అండి?" అని సర్జన్‌ను అడగడంలో తప్పేమీ లేదు. ముట్లుడిగాక గడ్డ పెరుగుతుంటే ఆ ప్రశ్న అడిగే తీరాలి, అసలు ముక్కలు చేయకుండా తీయమనే అడగాలి. తీసిన గడ్డ బయాప్సీకి వెళ్ళిందా, రిపోర్టు వచ్చిందా అన్నది కూడా వదలకూడదు. ఆ రిపోర్టు ఆసుపత్రిలోనే ఉండిపోయి, ఎవరూ తీసుకోకపోవడం మన దగ్గర మామూలు విషయం.

పోసిన నీరు, తిరిగొచ్చిన నీరు

కోత లేకుండా కింది దారినే కెమెరా పంపి లోపొర గడ్డను చెక్కేసేది హిస్టెరోస్కోపీ. లోపల కనబడాలంటే గర్భసంచిని నీటితో నింపి ఉబ్బించాలి. ఆపరేషన్ జరిగినంతసేపూ లీటర్లకు లీటర్లు లోపలికి పోతూ, బయటికి వస్తూ ఉంటాయి. తెగిన రక్తనాళాల్లోంచి కొంత నీరు ఒంట్లోకి చేరుతుంది. అందుకే థియేటర్‌లో ఒక నర్సు పని ఇదే: ఎంత పోశాం, సీసాలోకి ఎంత తిరిగొచ్చింది, తేడా ఎంత అని పది నిమిషాలకోసారి గట్టిగా పైకి చదవడం. గ్లైసిన్ ద్రావణం వాడితే తేడా ఒక లీటరు దాటగానే ఆపేయాలి. సెలైన్ అయితే రెండున్నర లీటర్లు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారిలో ఇంకా ముందే. గ్లైసిన్ ఎక్కువగా ఇంకితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. మెలకువ వచ్చాక తలనొప్పి, వాంతులు, పొంతన లేని మాటలు కనబడితే అది మత్తు దిగకపోవడం అనుకోకూడదు. ఈ ఆపరేషన్‌కు సాయంత్రమే ఇంటికి పంపుతారు కాబట్టి ఆ రాత్రి మనిషిని ఒంటరిగా పడుకోనివ్వకూడదు.

అల్ట్రాసౌండ్ తరంగాలతో బయటినుంచే గడ్డను కాల్చే హైఫు పద్ధతి కూడా పెద్ద నగరాల్లో ఉంది. చర్మం కాలడం, కాలికి పోయే నరానికి దెబ్బ తగిలి తిమ్మిరెక్కడం దాని అరుదైన ఇబ్బందులు.

కువైట్ టిక్కెట్టు

కోనసీమ లాంటి చోట్ల ఎదురయ్యే ఒక ప్రమాదం ఉంది. ఏ వైద్య గ్రంథంలోనూ ఈ పేరుతో కనబడదు. కువైట్‌లో, దుబాయ్‌లో, మస్కట్‌లో ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు రెండేళ్ళకోసారి సెలవుకు వస్తారు. ఉన్న రెండు నెలల్లో పిల్ల పెళ్ళి చూడాలి, ఇంటికి స్లాబు వేయించాలి, ఆపరేషన్ కూడా చేయించుకోవాలి. తిరుగు టిక్కెట్టు ముందే తీసి ఉంటుంది. ఆపరేషన్ అయిన పదో పన్నెండో రోజున రాజోలు నుంచి హైదరాబాద్ దాకా రాత్రంతా బస్సు, అక్కణ్ణుంచి నాలుగైదు గంటల విమానం.

పొత్తికడుపు ఆపరేషన్ తర్వాత, ఎంబోలైజేషన్ తర్వాత కూడా కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టవచ్చు. పెద్ద ఫైబ్రాయిడ్ అక్కడి సిరల్ని ముందునుంచే నొక్కి ఉంచుతుంది. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే ఆ గడ్డ పెరిగి, ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళితే మనిషి క్షణాల్లో కూలిపోతుంది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం దానికి ముందస్తు సూచన. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే 108కి ఫోన్ చేయడం తప్ప మరో మార్గం లేదు. టిక్కెట్టు తేదీ డాక్టరుకు ముందే చెప్పాలి. చెబితే ఆపరేషన్ సెలవు మొదట్లోనే పెట్టుకోవచ్చు, అవసరమైతే నెత్తురు పలచబడే మందు రాస్తారు. యజమాని కోప్పడతాడని, టిక్కెట్టు డబ్బులు పోతాయని మనవాళ్ళు ఆ మాట డాక్టరు దగ్గర ఎత్తరు. వాళ్ళ భయం నాకర్థమవుతుంది. అందుకే ఆసుపత్రివాళ్ళే అడగాలంటాను.

పురిటికి వెళ్ళేటప్పుడు

సంచి నిలబెట్టి గడ్డ మాత్రమే తీయించుకున్న అమ్మాయి రెండేళ్ళకు గర్భవతి అవుతుంది. సంతోషమే. కానీ గర్భసంచి గోడ మీద కుట్లున్నాయి. నెలలు నిండేకొద్దీ, ముఖ్యంగా నొప్పుల్లో, ఆ కుట్ల చోట సంచి చీలే అవకాశం నూటికి ఒకటిలోపే అయినా ఉంది. చీలితే నిమిషాల్లో తల్లీబిడ్డా ఇద్దరి ప్రాణాల మీదికి వస్తుంది.

ఆపరేషన్ హైదరాబాద్‌లో మెట్టినింటివాళ్ళు చేయించి ఉంటారు. పురిటికి కొత్తపేటలో పుట్టింటికి వస్తుంది. ఇక్కడి డాక్టరమ్మ పొట్ట మీద చూస్తే మూడు చిన్న మచ్చలు, అవి దేనివో ఆమెకెలా తెలుస్తుంది? "గ్యాస్ ఆపరేషన్ ఏదో అయిందండి" అంటారు తల్లిగారు. గడ్డ ఎంత లోతుగా ఉంది, సంచి లోపలి దాకా కోశారా, ఎన్ని వరసలు కుట్టారు అన్నవి రాసి ఉన్న ఆపరేషన్ నోట్సు కావాలి. అది చూస్తేనే మామూలు కాన్పుకు ఆగవచ్చా, ముందే సిజేరియన్ చేయాలా అన్నది డాక్టరు తేల్చగలరు. డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆ నోట్సు జిరాక్సు అడిగి తీసుకోవడం రోగి హక్కు. ఫోన్‌లో ఫొటో తీసి తల్లికీ, భర్తకీ, ఆశా వర్కర్‌కీ పంపి ఉంచాలి.

సంతకం ఎవరిది

చిన్న రంధ్రాలతో మొదలుపెట్టిన ఆపరేషన్ మధ్యలో రక్తస్రావం ఆగకపోతే పొట్ట తెరవాల్సి రావచ్చు. మరీ అరుదుగా ప్రాణం కాపాడడానికి సంచి తీసేయాల్సీ రావచ్చు. దానికి ముందే ఒప్పుకోలు తీసుకోవాలి, అదీ ఆమె దగ్గరే. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఆమె పరీక్ష కోసం లాపరోస్కోపీకి ఒప్పుకున్నారు. మత్తులో ఉండగా తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. వయసొచ్చిన, మత్తు దిగాక తానే నిర్ణయించుకోగల మనిషి బదులు మరొకరి సంతకం చెల్లదని, పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు ఇచ్చినట్టు కాదని కోర్టు తేల్చింది. ఆసుపత్రి కౌంటర్ దగ్గర భర్తో కొడుకో గబగబా సంతకాలు పెట్టేసే మన ఊళ్ళలో ఈ తీర్పు గోడ మీద అతికించాలి. అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద దాఖలైన మరో వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది. జిల్లా స్థాయిలో ఇలాంటి ఆపరేషన్లను పరిశీలించే కమిటీ ఉండాలన్నది ఆ మార్గదర్శకాల్లో ఒకటి. సంచి ఎందుకు తీశారో లెక్క చూసే ఆ కమిటీలు, చిన్న కోత చికిత్స తర్వాత తిరిగి ఆసుపత్రిలో చేరినవాళ్ళ లెక్క కూడా చూస్తే బాగుంటుంది. లెక్క లేనిదే అరుదైనదేదో, నిర్లక్ష్యమేదో తెలియదు.

వరదల కాలం గురించి ఒక మాట. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే పి.గన్నవరం, అయినవిల్లి, మామిడికుదురు మండలాల లంకల్లో కాజ్‌వేలు మునుగుతాయి, రాకపోకలన్నీ పడవల మీదే. అత్యవసరం కాని ఆపరేషన్‌ను ఆ రెండు నెలలకు పెట్టుకోకపోవడం మేలు. తప్పనిసరైతే పది రోజులు అమలాపురంలోనో రావులపాలెంలోనో చుట్టాలింట్లో ఉండి, కుట్లు విప్పించుకుని, డాక్టరు చూశాకే ఊరికి వెళ్ళాలి.

ఆసుపత్రులు చేయాల్సింది కూడా ఉంది, దానికి పెద్ద ఖర్చేమీ లేదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఎన్ని పేజీలైనా ఇవ్వండి. దాని పైన తెలుగులో పెద్దక్షరాలతో ఒక్క చీటీ కుట్టండి: ఏ ఆపరేషన్ చేశాం, ఎన్నాళ్ళ దాకా జ్వరం మామూలు, ఏం కనబడితే వెంటనే రావాలి, మేం దూరమైతే దగ్గర్లో ఎక్కడికి వెళ్ళాలి. చివర ఒక ఫోన్ నంబరు రాయండి, ఆదివారం రాత్రి రెండింటికి కూడా డాక్టరో, చదువుకున్న నర్సో ఎత్తే నంబరు.